ఎర్రజెండా, తెలుగుజాతి, తెలంగాణ: రావి నారాయణరెడ్డి రాజకీయ జీవితంపై తెగని చర్చ

నల్లగొండ రాజకీయ చరిత్ర రాయబూనినవాళ్లెవరూ రావి నారాయణరెడ్డిని దాటి వెళ్లలేరు. ఆయన్ను ఎట్లా అర్థం చేసుకోవాలన్న దగ్గర మాత్రం ఎవరి దారి వారిది. నిజాం పాలనపై ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ ఆయుధం దించాలని పార్టీలో పట్టుబట్టినవారిలోనూ ఆయన ఒకరు. 1952లో దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు వెళ్లిన కమ్యూనిస్టు ఆయనే. నాలుగేళ్లు తిరక్కుండానే తెలంగాణను ఆంధ్రతో కలపాలన్న పక్షాన నిలబడిందీ ఆయనే. 2014లో రాష్ట్రం విడిపోయాక ఈ చివరి అంశమే ముందుకొచ్చి, మిగతా జీవితాన్నంతా దాని వెలుగులోనో నీడలోనో చదవడం మొదలైంది.

ఈ చర్చ ఒక్క మనిషికి సంబంధించింది మాత్రమే కాదు. వర్గపోరాటం చేసే నాయకుడు ఒక జాతి పేరునో ఒక ప్రాంతం పేరునో జెండా ఎత్తితే వర్గం, ఆ జెండా అనే రెంటిలో ఏది దేనికి లోబడుతుందన్నది దీని వెనకున్న పెద్ద ప్రశ్న. స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో, స్పెయిన్‌లోని కటలోనియాలో వామపక్షాలు నూరేళ్లుగా దీనితోనే కుస్తీ పడుతున్నాయి. దక్షిణ తెలంగాణలో అదే ప్రశ్న భూమి, భాష, నీళ్లు అనే మూడు రూపాల్లో వచ్చింది. ఇప్పటిదాకా ఎవరేమన్నారు, ఏది తేలింది, ఏది తేలలేదు అని ఒకసారి లెక్కచూడటమే ఈ సమీక్ష పని.

జీవిత రేఖలు

నారాయణరెడ్డి 1908 జూన్‌లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. రాజకీయాల్లోకి వచ్చింది గాంధీ దారిలో. హరిజన సేవ చేశారు, 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొన్నారు. 1940 నాటికి కమ్యూనిస్టు అయ్యారు. 1941లో చిలుకూరులో జరిగిన ఆంధ్ర మహాసభకు (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ) అధ్యక్షుడయ్యారు. 1944లో భువనగిరి సభకు, 1945లో ఖమ్మం సభకు కూడా ఆయనే అధ్యక్షుడు. 1947 సెప్టెంబర్ 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి సాయుధ పోరాట పిలుపుపై సంతకం చేశారు. 1952లో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థిగా నల్లగొండ నుంచి లోక్‌సభకు, 1957లో భువనగిరి నుంచి అసెంబ్లీకి, 1962లో మళ్లీ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు. 1991 సెప్టెంబర్ 7న కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఒకనాడు ప్రభుత్వ సైన్యంతో తలపడిన పార్టీ నాయకుడికి అదే ప్రభుత్వం రెండో అత్యున్నత పౌర పురస్కారం ఇవ్వడమూ ఈ చర్చలో ఒక వాదానికి ముడిసరుకైంది.

చర్చ చిక్కుపడిన తీరు

మొదటి ఇరవై ఏళ్లు ఇది పార్టీ లోపలి తగవు. 1964 చీలిక, ఆ తర్వాత నక్సల్బరీ ప్రభావంతో వచ్చిన మరో చీలిక దాన్ని బజారుకెక్కించాయి. 1972లో పుచ్చలపల్లి సుందరయ్య సీపీఎం తరఫున తెలంగాణ పోరాటం, దాని గుణపాఠాలపై పెద్ద గ్రంథం తెచ్చారు. సీపీఐ తరఫున చండ్ర రాజేశ్వరరావు గుణపాఠాల పుస్తకం రాశారు. 1973లో నారాయణరెడ్డి తన జ్ఞాపకాలు అచ్చువేశారు. విప్లవ శిబిరం నుంచి దేవులపల్లి వెంకటేశ్వరరావు వేరే చరిత్ర రాశారు. ఒకే గెరిల్లా దళాల కథ మూడు పార్టీల పుస్తకాల్లో మూడు తీర్పులతో ముగిసింది. వీటిలో దేన్ని చదివినా రచయిత 1964 తర్వాత ఏ పార్టీలో ఉన్నారన్నది గుర్తుపెట్టుకుని చదవాలి.

తర్వాత విశ్వవిద్యాలయాలు రంగంలోకి దిగాయి. డి.ఎన్. ధనాగరే, బారీ పేవియర్, ఆ పైన ఇనుకొండ తిరుమలి ఈ పోరాటపు వర్గ స్వభావాన్ని తరచి చూశారు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటితోనే వినిపించింది. 1997 తర్వాత, ముఖ్యంగా 2001 తర్వాత, తెలంగాణ ఉద్యమకారులు 1956నే కేంద్రంగా చేసుకుని పాత పుస్తకాలన్నీ తిరగేశారు. ఇట్లా ఒక పొరమీద ఒక పొర పేరుకుపోయింది.

నాలుగు వాదాలు

మొదటిది పార్టీల వాదం. ఇందులోనే మూడు పాయలున్నాయి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోగానే పోరాటం ఆపాల్సిందని నారాయణరెడ్డి పాయ. దున్నుకుంటున్న భూమిని దొరల నుంచి కాపాడుకోవాలంటే కొనసాగించక తప్పలేదు, 1951లో విరమించడమూ సరైనదేనని సుందరయ్య పాయ. విరమణే ద్రోహమని దేవులపల్లి పాయ.

రెండోది పరిశోధకుల వాదం. నాయకుల మంచిచెడ్డలకన్నా వాళ్ల వెనక నిలిచిన వర్గాలను చూడమంటుంది. సంగం (ఊళ్లల్లో ఆంధ్ర మహాసభకు వాడుక పేరు) పంచిన భూమి లెక్కనే వీళ్లు సాక్ష్యంగా చూపుతారు. భూస్వామికి వదిలే గరిష్ఠ పరిమితి తొలుత 500 ఎకరాలు. క్రమంగా అది 100 ఎకరాల ఖుష్కి (మెట్ట), 10 ఎకరాల తరి (మాగాణి) స్థాయికి దిగింది. నూరెకరాల మెట్ట పొలమున్న రైతు సంగంలో సభ్యుడిగా ఉండగలిగాడంటే ఆ సంగం కూలీలది ఎంత, మోతుబరులది ఎంత అన్నది వీళ్ల ప్రశ్న. తిరుమలి మరో కోణం చూపారు: గడీలో కూర్చున్న దొర పెత్తనానికి ఎదురు తిరగడంలో రెడ్డి రైతు నుంచి చాకలి, మాదిగ దాకా అందరికీ వాటా ఉంది. కానీ దొర పోయాక ఖాళీ అయిన చోటు అందరికీ సమానంగా దక్కలేదు.

మూడోది తెలంగాణవాదం. నిజాంను దించిన ప్రజల త్యాగాన్ని విశాలాంధ్ర (తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం) పేరుతో కోస్తా నాయకత్వానికి అప్పగించారన్నది దీని ఆరోపణ. పార్టీ కేంద్రం విజయవాడలో ఉండటాన్ని, పోరాటంపై ఆఖరి మాట తెలంగాణ నాయకులది కాకపోవడాన్ని వీళ్లు పదేపదే ప్రస్తావిస్తారు.

నాలుగోది దళిత బహుజన, స్త్రీవాద విమర్శ. ప్రాణాలిచ్చిన దొడ్డి కొమరయ్య గొర్రెలకాపరి ఇంటివాడు, భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఢీకొన్న ఐలమ్మ చాకలి మహిళ. పుస్తకాలు రాసినవాళ్లు, సంతకాలు చేసినవాళ్లు మాత్రం ఎక్కువగా భూమున్న పై కులాల పురుషులు. నారాయణరెడ్డి తన భూమి పేదలకు పంచిన సంగతిని ఈ విమర్శ కాదనదు. పంచే చేయి ఎప్పుడూ పై కులాలదే, అందుకునే చేయి ఎప్పుడూ కింది కులాలదే ఎందుకయిందని అడుగుతుంది.

భాష నుంచి భూమికి

ఈ వాదాల్లో చాలావరకు 1947 నుంచో 1956 నుంచో మొదలవుతాయి. అసలు ముడి అంతకు ముందే పడింది. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘమే ఆంధ్ర మహాసభగా ఎదిగింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షత వహించింది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. అప్పటి ఎజెండా గ్రంథాలయాలు, తెలుగు బడులు, పత్రికలు, వెట్టి నిషేధం కోసం వినతులు.

1941లో చిలుకూరు నుంచి గాలి మారింది. 1944 భువనగిరి సభలో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. ఈ చిన్న లెక్కలో పెద్ద రాజకీయముంది. రూపాయి కట్టగలిగేది వకీలు, పట్వారీ, మోతుబరి. నాలుగణాలకైతే పాలేరు, గొల్ల, మంగలి కూడా రావచ్చు. మితవాదులు బయటికి నడిచారు. మిగిలినది ఊళ్లల్లో ‘సంగం’గా వేళ్లూనుకుంది. రెండేళ్లకే, 1946 జులై 4న, అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో కొమరయ్య చనిపోయాడు.

తెలుగు కోసం పెట్టిన సంస్థే వెట్టికి, బేదఖళ్లకు (భూమి నుంచి రైతుల గెంటివేతలకు) వ్యతిరేకంగా పోరాడే సంస్థ అయింది. కాబట్టి నారాయణరెడ్డి వర్గ రాజకీయం ముందు చేసి తర్వాత తెలుగు జాతివాదం తగిలించుకున్నారని చెప్పడం చరిత్రకు కుదరదు. ఆయన భాష అనే తలుపులోంచే భూమి పోరాటంలోకి వచ్చారు. పార్టీ సిద్ధాంతం కూడా దానికి ఆసరా ఇచ్చింది. భాష, భూభాగం, ఆర్థిక జీవితం, మానసిక తత్త్వం కలిస్తే జాతి అని స్టాలిన్ 1913లో చేసిన నిర్వచనాన్ని భారత కమ్యూనిస్టులు 1940లలో తలకెత్తుకున్నారు. 1946లోనే సుందరయ్య విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే నినాదంతో పుస్తకం రాశారు. భాష ఒకటే అయినప్పుడు జాతీ ఒకటే అన్నది ఆ తరానికి దాదాపు లెక్కల సూత్రంలా తోచింది.

మొదటి చిక్కుముడి: 1948 నుంచి 1951

భారత సైన్యం 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. అప్పటికి పార్టీ జాతీయ నాయకత్వం కలకత్తా మహాసభ తర్వాత అతివాద పంథాలో ఉంది. ఆంధ్ర నాయకులు చైనా మార్గం వైపు చూస్తున్నారు. ఆ వేడిలో నారాయణరెడ్డి వేరే మాట అన్నారు. జనం నిజాంపై తిరగబడ్డారు, నిజాం పోయాడు, నెహ్రూ ప్రభుత్వంపై అదే జనం అదే స్థాయిలో తిరగబడరు అన్నది ఆయన అంచనా. బద్దం ఎల్లారెడ్డితో కలిసి తెలంగాణ ‘నగ్న సత్యాలు’ పేరిట పార్టీలో పత్రం తిప్పారు. పార్టీలో ఎన్నో మాటలు పడ్డారు. చివరికి స్టాలిన్‌తో చర్చల తర్వాత, 1951 అక్టోబర్ 21న, పార్టీయే పోరాటాన్ని విరమించింది.

ఇక్కడ రెండు లెక్కలు ఎదురెదురుగా నిలుస్తాయి. కమ్యూనిస్టుల అంచనా ప్రకారం పోరాటం సుమారు 3 వేల గ్రామాలకు పాకింది, 10 లక్షల ఎకరాలు పంచారు, 4 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణనష్టంలో పెద్ద భాగం 1948 తర్వాతిదని విరమణవాదులు అంటారు. 1949 జాగీర్ల రద్దు, 1950 కౌల్దారీ చట్టం పోరాటం కొనసాగడం వల్లే వచ్చాయని కొనసాగింపువాదులు అంటారు. రెండు వాదాలూ పాక్షికంగా నిజమే. సైన్యం ఊళ్లు తిరుగుతున్నా దున్నినవాడి కాలు పొలంలోనే ఉన్నందున చట్టం త్వరపడింది. అదే సైన్యం చేతిలో తండాలు, గూడేలు చితికిపోయాయి. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి పడ్డప్పుడు ‘మొత్తంగా సరైందేనా’ అనే ప్రశ్నకు ఒక్క జవాబు దొరకదు.

ఇంకో మెలిక కూడా ఉంది. 1948 మేలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేసింది. దీన్ని రహస్య ఒప్పందమని కాంగ్రెస్ ప్రచారం చేసింది, నిజాం ఎత్తుగడ అని పార్టీ కొట్టిపారేసింది. ఎవరి కాగితాలు వారు చూపడం తప్ప ఈ తగవు ముందుకు సాగలేదు.

3,09,162 ఓట్లు ఏం చెప్పాయి?

1952 ఎన్నికల్లో నారాయణరెడ్డికి వచ్చినవి 3,09,162 ఓట్లు. నెహ్రూకు అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ నియోజకవర్గంలో వచ్చినవి 2,33,571. నెహ్రూను మించిన మెజారిటీ అని చాలామంది రాస్తుంటారు గానీ పోల్చాల్సింది వచ్చిన ఓట్లను. రెండూ ద్విసభ్య నియోజకవర్గాలే కాబట్టి ఆ పోలిక న్యాయమైనదే. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవి, రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి లేదు. నల్లగొండలో రెండో స్థానం ఎస్సీ రిజర్వుడు. అందులోనూ ఫ్రంట్ అభ్యర్థి సుంకం అచ్చాలు గెలిచారు. రెడ్డి భూస్వామి ఇంట పుట్టిన నాయకుడు, దళిత అభ్యర్థి ఒకే గుర్తుమీద గెలవడం ఆ ఎన్నికలో అంకెకన్నా ముఖ్యమైన విషయం. అయినా ఏ పత్రికైనా ఏటా జ్ఞాపకం చేసుకునేది ఒక్కరి పేరే. నాలుగో వాదం అడిగే ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఆ ఓటు దేనికి పడింది? ఫ్రంట్ హైదరాబాద్ అసెంబ్లీలోని 175 స్థానాల్లో 42 గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. అది భూమికి, సైనిక దాడుల మీది కోపానికి పడ్డ ఓటని అన్ని వాదాలూ ఒప్పుకుంటాయి. దాన్నే తర్వాత విశాలాంధ్రకు తీర్పుగా చూపడం ఆ ఓటు మీద మోయలేని బరువు పెట్టడమే. 1952లో బ్యాలెట్ పెట్టె ముందు నిలబడ్డ మనిషిని విలీనం గురించి ఎవరూ అడగలేదు.

రెండో చిక్కుముడి: విశాలాంధ్ర

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1955లో రాష్ట్రాల పునర్విభజనపై ఏర్పడ్డ ఫజల్ అలీ సంఘం తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగా ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే కలపవచ్చని సూచించింది. అదే ఏడాది హైదరాబాద్ అసెంబ్లీలో అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రను బలపరిచారు. వాళ్లలో మరాఠీ, కన్నడ సభ్యులూ ఉన్నారని తెలంగాణవాదులు గుర్తుచేయడం సబబే. కమ్యూనిస్టు సభ్యులు మాత్రం దాదాపు గంపగుత్తగా విశాలాంధ్ర వైపే. 1956 ఫిబ్రవరి 20న, విలీనంలో తెలంగాణకు రక్షణలు హామీ ఇస్తూ, పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

కమ్యూనిస్టుల ఈ నిర్ణయానికి మూడు కారణాలు చెబుతారు. సిద్ధాంతం: భాష ఒకటి, జాతి ఒకటి. వ్యూహం: నిజాం జాగీర్దారీ అవశేషాలను పెద్ద రాష్ట్రంలోనైతే సులువుగా కడిగేయవచ్చు. ఎన్నికల లెక్క: నల్లగొండ, వరంగల్ బలం కృష్ణా, గుంటూరు బలంతో కలిస్తే అధికారం అందుతుంది. మూడో కారణాన్నే విమర్శకులు అసలు కారణమంటారు. కానీ 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు 196 స్థానాల్లో 15కు పడిపోయారు. ఆ దెబ్బ తర్వాత కూడా విశాలాంధ్ర నినాదాన్ని వదల్లేదంటే అధికార లెక్క ఒక్కటే వాళ్లను నడిపించిందనడం అతుకదు. సిద్ధాంతం మీది నమ్మకమూ నిజమైనదే. ఆ నమ్మకంలో కాపలా లేకపోవడమే లోపం. కలిశాక నీళ్లు, నౌకర్లు, నిధుల పంపకం చెడితే ఎవరు అడగాలి, ఎట్లా అడగాలి అన్నదానికి పార్టీ దగ్గర పథకం లేదు. ఆ పూచీ కాంగ్రెస్ పెద్దమనుషుల కాగితానికి వదిలేసింది.

స్కాట్లండ్‌లో జిమ్ సిల్లర్స్ జీవితం ఇక్కడ పోలికకు పనికొస్తుంది. 1970లో లేబర్ ఎంపీగా వెళ్లిన ఆయన 1976లో సొంత పార్టీ పెట్టి, 1980లో స్కాటిష్ నేషనల్ పార్టీలో చేరి, 1988 గోవన్ ఉపఎన్నికలో లేబర్‌నే ఓడించారు. కార్మికుల మేలు కోసమే ప్రాంతపు జెండా ఎత్తానన్నది ఆయన వాదన. నారాయణరెడ్డి దారి తిరగేసి ఉంటుంది. ఆయన జాతి జెండాతోనే మొదలై, పార్టీ మారకుండా, ఆ జాతిని పెద్దది చేయాలనుకున్నారు. చిన్న ప్రాంతపు స్వయంపాలన అడిగే వామపక్ష నాయకుడు, అదే జిల్లా నుంచి, వేరే పార్టీలో వచ్చారు.

అదే భువనగిరి, మరో దారి

1967లోనూ 1972లోనూ భువనగిరి నుంచి అసెంబ్లీకి గెలిచిన కొండా లక్ష్మణ్ బాపూజీ చేనేత సహకార ఉద్యమ నిర్మాత, కాంగ్రెస్‌లోని సోషలిస్టు ధోరణి మనిషి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో మంత్రి పదవికి రాజీనామా చేశారు. నారాయణరెడ్డి ప్రాతినిధ్యం వహించిన నేలమీదే, చిన్నవృత్తుల వాళ్ల పక్షాన నిలబడ్డ మరో నేత ప్రత్యేక రాష్ట్రం వైపు నడిచారు. కమ్యూనిస్టులు మాత్రం 1969 ఉద్యమాన్ని ప్రజల ఐక్యతను చీల్చే ఉద్యమంగానే చూశారు.

ఫలితాలు 1971లో తేలాయి. తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితికి పోయాయి. నల్లగొండ, నాగర్‌కర్నూల్ కూడా అందులోవే. పక్కనే మిర్యాలగూడలో మాత్రం సాయుధ పోరాట యోధుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి సీపీఎం తరఫున గెలిచారు. ఒకే జిల్లాలో ఒక సీటు ప్రాంతానికి, ఒక సీటు ఎర్రజెండాకు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన మిర్యాలగూడ, నీళ్లు రాని నల్లగొండ మెట్ట ప్రాంతం వేరువేరుగా ఓటేయడం యాదృచ్ఛికమా కాదా అన్నది ఊరూరి పోలింగ్ లెక్కలతో ఎవరైనా తేల్చాల్సిన విషయం.

పాలమూరు చెప్పే సాక్ష్యం

ఈ చర్చలో మహబూబ్‌నగర్‌ను సాధారణంగా ఎవరూ పిలవరు. పిలిస్తే చాలా వాదాలు సర్దుకోవాల్సి వస్తుంది. కరువు, వెట్టి, దొరతనం పాలమూరులో నల్లగొండకు తీసిపోలేదు. అయినా అక్కడ సంగం ఆ స్థాయిలో లేవలేదు. దీనికి రెండు వివరణలు ప్రధానంగా ఉన్నాయి. ఒకటి, గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత వంటి సంస్థానాల పాలన. జనం కోపానికి ఎదురుగా నిలిచింది దేశ్‌ముఖ్ కాదు, రాజా. సాహిత్యాన్ని పోషించే సంస్థానం మీద తిరుగుబాటు కట్టడం వేరే సంగతి. రెండు, సరిహద్దు. నల్లగొండ కడుపులోనే కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. కమ్యూనిస్టులకు అది ఆశ్రయం, విజయవాడకు దారి. పాలమూరు అవతల ఉన్నది కర్నూలు, రాయచూరు.

ఈ రెండో వివరణ నిజమైతే దాని పర్యవసానం లోతైనది. నల్లగొండలో ఎర్రజెండాకు బలమిచ్చిన అదే సరిహద్దు, ఆ జెండా విశాలాంధ్ర వైపు వాలడానికీ కారణమైంది. బలం, బలహీనత ఒకే తోవలో వచ్చాయి.

పాలమూరు నాయకులు ఏం చేశారన్నదీ గమనించాలి. ఆ జిల్లాకే చెందిన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, తెలంగాణలో జనాభిప్రాయం వేరు రాష్ట్రం వైపుందని 1955లో కాంగ్రెస్ అధ్యక్షుడు ఢేబర్‌కు రాసి, తర్వాత విలీనానికి ఒప్పుకున్నారు. జనం మాట వేరని తెలిసి కూడా ఒప్పుకున్న కాంగ్రెస్‌ను వదిలి, జనానికి మేలే జరుగుతుందని నమ్మిన కమ్యూనిస్టులనే తప్పుబట్టడం తూకంలో మొగ్గు. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం కింద అలంపూర్, గద్వాల ప్రాంతాలకు ఉద్దేశించిన 87,500 ఎకరాలకు ఏనాడూ నీళ్లు సరిగా అందకపోవడం, కూలీలు మేస్త్రీల వెంట దేశమంతా డ్యాములు కట్టడానికి వలసపోవడం 1956 లెక్క ఎవరి మీద పడిందో చూపిస్తాయి. అడిగే సంగం లేని చోట ఆ భారం ఇంకా ఎక్కువ.

ఎర్రజెండా దారి మళ్లిన క్రమం

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ బాధిత గ్రామాల గోడు వినిపించడానికి నల్లగొండలో 480 మంది పోటీచేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే ధరావతు 500 నుంచి 10 వేల రూపాయలకు పెరిగింది. గెలిచింది మాత్రం సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం. నీళ్ల గోస ప్రాంతీయ ప్రశ్నగా మారుతున్నా ఓటు ఇంకా ఎర్రజెండా దగ్గరే ఉంది.

మరుసటి ఏడాది, 1997లో, భువనగిరిలో దగాపడ్డ తెలంగాణ పేరిట సభ జరిగింది. సూర్యాపేటలో మారోజు వీరన్న తదితరులు తెలంగాణ మహాసభను నిలబెట్టి, సామాజిక న్యాయం లేని తెలంగాణ దొరల తెలంగాణే అవుతుందన్నారు. వీరన్న 1999లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. భువనగిరి గాయని బెల్లి లలిత అదే ఏడాది హత్యకు గురయ్యారు. పార్లమెంటరీ వామపక్షం కన్నా ముందే విప్లవ, బహుజన వామపక్షం ప్రాంతీయ ప్రశ్నను తలకెత్తుకుంది.

ఆఖరి మలుపు సురవరం సుధాకరరెడ్డి కాలంలో. పాలమూరు జిల్లా కొండ్రావుపల్లిలో పుట్టి, నల్లగొండ నుంచి 1998, 2004లలో ఎంపీగా గెలిచి, 2012 నుంచి 2019 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆయన హయాంలోనే 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లుకు సీపీఐ మద్దతిచ్చింది. భాషాప్రయుక్త రాష్ట్రాల సూత్రం మీద నిలబడి సీపీఎం వ్యతిరేకించింది. 1955లో ఒకే మాట మీదున్న పార్టీ వారసులు అరవై ఏళ్లకు రెండు మాటలయ్యారు. అయితే రాష్ట్రం వచ్చాక ఓటు మాత్రం సీపీఐకి దక్కలేదు. 2014లో ఉమ్మడి నల్లగొండలో వామపక్షాలకు మిగిలింది దేవరకొండ ఒక్కటే.

పక్కపక్కన పెట్టి చూస్తే

- రావి నారాయణరెడ్డి: జాతి అంటే తెలుగువాళ్లంతా. సాధనం ఆంధ్ర మహాసభ, సాయుధ పోరాటం, ఆపైన పార్లమెంటు. బలం భూమి ప్రశ్న. లోటు విలీనం తర్వాతి పంపకానికి రక్షణ లేకపోవడం.
- కొండా లక్ష్మణ్ బాపూజీ: గుర్తింపు తెలంగాణ. సాధనం సహకార సంఘం, రాజీనామా. బలం వృత్తి కులాల పునాది. లోటు, అదే కాంగ్రెస్ నీడలో మళ్లీ సర్దుకోవాల్సి రావడం.
- మారోజు వీరన్న: గుర్తింపు కింది కులాల తెలంగాణ. సాధనం రహస్య, బహిరంగ నిర్మాణాలు. బలం ‘ఎవరి తెలంగాణ’ అని ముందే అడగడం. లోటు, ఆ ప్రశ్నను మోసే సంస్థ ఆయనతోపాటే చెదిరిపోవడం.
- సురవరం సుధాకరరెడ్డి: గుర్తింపు ప్రజాభిప్రాయాన్ని బట్టి. సాధనం పొత్తులు, పార్లమెంటు. బలం పాత సూత్రాన్ని సవరించుకునే ధైర్యం. లోటు, ఆలస్యం.

ఇంకా తేలనివి

మొదటిది, సంగం పంచిన భూమిలో 1951 తర్వాత ఎంత సాగుదారు చేతిలో నిలిచింది, ఎంత తిరిగి దొరలకు పోయింది? రెవెన్యూ పహాణీలు గ్రామాలవారీగా చదివితే తప్ప విరమణ లాభమా నష్టమా అన్నది తేలదు. రెండోది, ఫ్రంట్‌కు ఓటేసిన ఊళ్లే 1971లో ప్రజాసమితికి వేశాయా? వేసి ఉంటే ప్రాంతీయవాదం వామపక్షాన్ని ఓడించలేదు, దాని ఓటునే వారసత్వంగా తీసుకుంది. మూడోది, సుంకం అచ్చాలు వంటి నేతల రాజకీయ జీవితం. ఆ చరిత్ర రాయనంతకాలం నారాయణరెడ్డి చరిత్ర సగమే. నాలుగోది, పాలమూరు నిశ్శబ్దం. తిరుగుబాటు జరిగిన చోటనే చరిత్ర వెతికే అలవాటు మానితే దానికి జవాబు దొరకవచ్చు.

తూచి చూస్తే

నారాయణరెడ్డి చేసిన రెండు వివాదాస్పద ఎంపికలను, పోరాట విరమణను, విశాలాంధ్రను, విడివిడిగా చదివితే ఒకటి పిరికితనంగానో వివేకంగానో, ఇంకొకటి ద్రోహంగానో దూరదృష్టిగానో కనిపిస్తుంది. కలిపి చదివితే రెంటి వెనకా ఒకటే తర్కం ఉంది: దున్నేవాడికి ఏది నిలకడైన ఫలితం ఇస్తుందో అది చేయాలి. 1948లో ఆ తర్కం ఆయన్ను పార్టీకి ఎదురు నిలబెట్టింది. జనం నాడి మీద ఆయన అంచనాను 1951లో పార్టీయే ఒప్పుకోవాల్సి వచ్చింది. 1956లో అదే తర్కం ఆయన్ను పార్టీతో కలిపి నడిపింది, అప్పుడు అంచనా తప్పింది. తప్పిన కారణం జాతిని ప్రేమించడమో వర్గాన్ని మరవడమో కాదు. ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్య కూడా నీళ్ల దగ్గర, కొలువుల దగ్గర పై చేయి, కింది చేయి ఉంటాయన్న సంగతిని ఆ సిద్ధాంతం లెక్కలోకి తీసుకోలేదు. గడీకి, గుడిసెకు మధ్య అంతరాన్ని అంత నిశితంగా చూసిన చూపు కాలువ ఎగువకు, దిగువకు మధ్య అంతరాన్ని చూడలేకపోయింది.

తెలంగాణవాదానికీ ఇదే కొలత వర్తిస్తుంది. వీరన్న 1997లో అడిగిన ప్రశ్న, విడిపోయిన రాష్ట్రంలో పై చేయి ఎవరిది అన్నది, 1956 నాటి తప్పిదానికి కవల. దానికి ఇప్పటి పాలకులు, ప్రతిపక్షాలు, రెండు కమ్యూనిస్టు పార్టీలు ఇచ్చే జవాబును బట్టే నారాయణరెడ్డి మీద తీర్పు చెప్పే అర్హత వాళ్లకు ఎంతుందో తేలుతుంది.